ధవళేశ్వరం దగ్గర ఎంత?

మా అన్నయ్య సత్యం పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి మూడు వారాలుందనగా వదిన ఫోన్ చేసి, ఇల్లు సర్దుతున్నానని, ఒకసారి వచ్చి వెళ్ళమని అంది. వాళ్ళ ఇల్లు కూర్మన్నపాలెంలో. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసిన అన్నయ్య రిటైరవడానికి కాస్త ముందు కట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి వదిన అటక మీంచి దింపించిన సామానంతా హాల్లో పరిచి, మధ్యలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆవిడ పేరు మాలక్ష్మి. విజయనగరం వైపు పుట్టి పెరిగింది. నలభై ఏళ్ళ కాపురంలో మా గోదావరి యాస ఆవిడ నోట ఒక్కనాడూ వినలేదు. అన్నయ్యే ఆవిడ దగ్గర 'ఏటి' అనడం నేర్చుకున్నాడు.

"భారతీ, ఇవేటో సెప్పు. పారెయ్యమంటే పారేత్తాను, ఉంచమంటే ఉంచుతాను" అంటూ ఒక చెక్కపెట్టె నా ముందుకు తోసింది.

మూత తీశాను. చిలుము పట్టి పచ్చబడ్డ రాగితీగ చుట్ట. దాని కింద పాత పంచె ముక్కలో మూటగట్టిన రెండు పింగాణీ గుడ్లు. కోడిగుడ్డంత ఉంటాయి. ఒక్కోదానికి రెండు కన్నాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. కరెంటు స్తంభాలు వాలిపోకుండా లాగి కట్టే తీగల మధ్య ఇలాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక గుడ్డు గాడిలో ఎర్రటి మరక ఎండి గట్టిపడి ఉంది. నేను దాన్ని గోటితో గీకి చూసి నవ్వాను. ఈ ఇంట్లో నేను నవ్వి ఏడాదయింది.

"నవ్వుతావేటి? నిన్ను ఇంకోటి కూడా అడగాల" అని వదిన గొంతు తగ్గించింది. "ఆస్పత్రిలో, ఆకరి వారం. కళ్ళు తెరిసి నా సెయ్యి పట్టుకుని, 'ధవళేశ్వరం దగ్గర ఎంత?' అనడిగేరు. నానేటి సెప్తాను? మందులకి మాట తప్పతన్నాదనుకున్నాను. ఊరుకోండి, పడుకోండి అన్నాను. ఇంకోపాలి అడిగేరు. నాను బయపడిపోయి నర్సుని పిలిసేను. ఆపైన మరి అడగలేదు. ఏడాది నుంచి నాకదే గుచ్చుతన్నాది భారతీ. ఆయన ఏటడిగేరో తెలవలేదు, నాను జవాబు సెప్పలేదు."

"మాట తప్పలేదు వదినా. సరిగ్గానే అడిగాడు" అన్నాను.

ఆవిడ ప్రశ్నకి జవాబు కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఆ రోజు కింద కూర్చుని ఆవిడకి ఏం చెప్పానో అదే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఎక్కువే రాస్తున్నానేమో, ఎందుకంటే రాసేటప్పుడు ఎవరూ మధ్యలో కాఫీ ఇవ్వరు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మేము వన్ టౌన్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో క్రేన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. కింద ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు. చిన్ననాటి ఇంటి గురించి రాసేవాళ్ళు సాధారణంగా మంచి వాసనలే రాస్తారు. మా ఇంట్లో ఉండేది మిరపకోరు, ముక్కు మండించే ఘాటు. వచ్చిన చుట్టాలు మెట్ల మీదే తుమ్మడం మొదలుపెట్టేవారు, తుమ్ములు లెక్కపెట్టి వచ్చింది ఎందరో మేం పైనుంచి చెప్పేవాళ్ళం. మాకు మాత్రం తుమ్ములు వచ్చేవి కావు. దానికి తోడు హార్బరు వైపు నుంచి ఇనుపరాయి ధూళి. ఓడల్లోకి ఎత్తే ముడి ఇనుము అది. గాలి అటునుంచి తిరిగితే చాలు, మంచాల మీద, కూజా మూత మీద, చదువుకునే పుస్తకం అంచుల మీద ఎర్రగా పరుచుకునేది. అమ్మ రోజుకి మూడుసార్లు ఊడ్చేది. ఊడ్చిన చేట చూసి నాన్న, "కంపెనీ వాళ్ళకి తెలిస్తే తిరిగి ఇచ్చెయ్యమంటారు" అనేవాడు.

ఆ ఇంటికి నాయనమ్మ వచ్చింది. తాతయ్య పోయాక, గోదావరి మధ్యలో ఉన్న లంకలో ఆవిడ ఒక్కతే ఉండడానికి లేకపోయింది. కౌలు భూమి ఎవరిది వాళ్ళకి అప్పగించి, నాన్న ఆవిడని రైలెక్కించి తీసుకొచ్చాడు. తెల్లచీర కట్టుకునే మనిషి. వారం తిరిగేసరికి కట్టిన చీరలు మూడూ చిలకడదుంప తొక్క రంగుకి దిగాయి. ఆవిడ దాన్ని భరించింది. మిరపకోరునీ భరించింది. భరించలేనిది ఒకటే. అరవై ఏళ్ళు నది మధ్యలో బతికిన మనిషికి వానాకాలంలో రోజూ తెలియాల్సిన సంగతి ఒకటుంది: ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎన్ని అడుగులున్నాయి. ఆ అంకెని బట్టి లంకలో గొడ్లని ఎప్పుడు తోలాలో, ధాన్యం ఎప్పుడు అటక ఎక్కించాలో, పడవ ఎక్కడ కట్టాలో తెలుస్తుంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పంచాయతీ రేడియోలో విజయవాడ నుంచి రైతుల కార్యక్రమంలో ఆ అంకె చెప్తే, విని గాని ఆవిడ మజ్జిగ తాగేది కాదు. ఇక్కడ ఆ అంకె లేదు. మా ఊరి రేడియో స్టేషన్లో సముద్రం సంగతులు చెప్పేవారు, గోదావరి సంగతి చెప్పేవారు కాదు.

నాన్న ఆవిడని బీచికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఇసకలో నిలబడి చాలాసేపు చూసి, "తాగడానికి పనికిరాని నీళ్ళు ఎన్నుంటే ఏం లాభం రా అబ్బాయీ? పెరగదు, తగ్గదు" అంది. ఆటుపోట్లుంటాయని నాన్న చెప్పబోయాడు. "అది రావడం పోవడం. పెరగడం కాదు" అని తోసేసింది.

జ్యేష్ఠం చివర్లో ఆవిడ తన మాట చెప్పేసింది. "వరద రోజులకి నేనిక్కడ ఉండను. చెల్లెలింటికి పోతాను."

ఆ చెల్లెలిల్లు కూడా లంకలోనే, నదికి ఇంకా దగ్గర. నాన్నకి కోపం వచ్చింది. "అక్కడ వరదొస్తే నడుం లోతు నీళ్ళలో నడిపించి పడవెక్కిస్తారు. ఈ వయసులో, ఈ ఉబ్బసంతో!"

"ఎక్కిస్తే ఎక్కుతాను. ఎంతొచ్చిందో తెలియకుండా ఎండినేల మీద కూచోడం కన్నా అదే నయం."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. కొడుకు పరువు, తల్లి ప్రాణం రెండూ ఆ మాటలో ఉన్నాయని నాకప్పుడు తెలియదు. నాన్న రెండు పూటలు సరిగ్గా తినలేదని మాత్రం తెలుసు.

మాకు రేడియో లేకపోలేదు. ఓడల మీంచి దిగిన పాత సామాను అమ్మే కొట్లో నాన్న కొన్న వాల్వుల రేడియో అది. చిన్న ట్రంకు పెట్టెంత. అది ఏయే దేశాలు తిరిగొచ్చిందో గాని, ముల్లు తిప్పితే మేం పేరు కూడా చెప్పలేని భాషలన్నీ పలికేది. విజయవాడ మాత్రం పలికేది కాదు. ఆ చోట చెవి ఆనిస్తే ఎవరో పక్క వీధిలో గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది, అంతే. పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్న అన్నయ్య దాని వెనక్కి వెళ్ళి చూశాడు. ఏరియల్ అని రాసి ఉన్న కన్నంలో మూరెడు తీగ ఉంది. ఎర్త్ అని ఉన్న కన్నం ఖాళీ.

"దీనికి చెవే లేదు నాన్నా. పెడతాను" అన్నాడు.

లైబ్రరీలో పుస్తకం చూసి లెక్క వేసుకొచ్చాడు. ఎనభై అడుగుల రాగితీగ, ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. రెండు చివర్లా పింగాణీ గుడ్లు కట్టాలి. తీగ పట్టిన శబ్దం స్తంభాల్లోకి, గోడల్లోకి కారిపోకుండా ఆపేవి అవే. తీగ మధ్యలోంచి ఇంకో తీగ కిటికీలోంచి రేడియోలోకి రావాలి. గుడ్లు పాత ఇనుప కొట్లో దొరికాయి. తీగ మోటార్లు చుట్టేవాడి దగ్గర దొరికింది. కిటికీ చెక్కకి తీగ తగలకుండా గొట్టం కావాలంటే బొప్పాయి ఆకు కాడ పెట్టాడు. అది వారంలో కుళ్ళింది, తర్వాత వెదురుముక్క పెట్టాడు. ఎర్త్ కోసం పెరట్లో కుళాయి పక్కన గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి రాగికడ్డీ పాతాడు. అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉండాలన్నాడు. ఆ మాట నాయనమ్మ పట్టుకుంది. మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళు తులసికి సగం, కడ్డీకి సగం పోసేది.

మిగిలింది రెండో కొన. మా డాబా చిన్నది, ఎనభై అడుగులు రావాలంటే తీగ వీధి దాటి ఎదురింటి డాబా అవతలి మూలకి పోవాలి. ఆ ఇల్లు అప్పలనర్సమ్మది. ఎండుచేపల వ్యాపారం. మనిషి పొట్టి, గొంతు మాత్రం హార్బరు దాకా వినపడేది. అన్నయ్య వీధిలో నిలబడి అడిగాడు, నేను వెనకాల నిలబడ్డాను.

"అత్తా, మీ డాబా మీద ఒక వెదురు గెడ కట్టుకుంటాను."

"ఏటికి?"

"రేడియోకి తీగ కట్టాలి."

"రేడియో నీ ఇంట్లోనీ, గెడ నా మేడ మీదానా? పిడుగొచ్చిందనుకో, ఎవుల నెత్తి మీద పడతాది?"

"పడదత్తా. వచ్చినా తీగలోంచి నేలలోకి పోయేటట్టు స్విచ్చి పెడుతున్నాను."

"అంటే వత్తాదనే కదా సెప్తన్నావ్!"

అప్పుడు పైనుంచి, మా వరండాలోంచి నాయనమ్మ మాట్లాడింది. వచ్చి మూడు నెలలైనా ఆవిడ ఎదురింటితో మాట్లాడ్డం అదే మొదలు.

"ఏవమ్మా, నాకోసమేనమ్మా అది. మా గోదారి ఎంతొచ్చిందో తెలుసుకోవాలి."

"మీ గోదారి ఎంతొత్తే మాత్రం ఈ ఈదిలోకి రాదు కదా మామ్మగారూ?"

"రాదు. రాకపోయినా తెలియాలి."

అప్పలనర్సమ్మ తల ఎత్తి నాయనమ్మ వైపు చూసింది. ఆవిడ తమ్ముడు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. "నిజమే మామ్మగారూ. మా తమ్ముడు ఏటకెల్తే, గాలి ఎటుకొడతన్నాదో తెలిస్తే గానీ నాకూ ముద్ద దిగదు" అంది. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "కట్టుకో బాబూ. రెండు మాటలు. రేడియో గట్టిగా ఎట్టాల, నాకూ ఇనపడాల. ఇంకోటి, గెడ నా మేడ మీదుంటే తాడు నాది" అంది.

గుడ్డుకీ గెడకీ మధ్య కట్టే తాడు నాలుగు గజాలుంటుంది. ఆవిడకి తాడెందుకో మేమెవరం అడగలేదు.

ఆదివారం తీగ లాగాం. పురికొసకి రాయి కట్టి అన్నయ్య వీధి మీదుగా విసిరితే మొదటిది మిరపకాయల బస్తాల్లో పడింది, రెండోది కాకిని లేపింది, మూడోది అప్పలనర్సమ్మ డాబా మీద పడింది. "నా కుండ! నా కుండ!" అని కేక వినపడింది, కుండకి ఏమీ కాలేదు. నాన్న లుంగీ ఎగగట్టి అరుగు మీద కూర్చుని, "ఇంత తీగుంటే మేం పోర్టులో ఓడని కట్టేస్తాం, నువ్వు ఒక మాటని కట్టలేకపోతున్నావు" అంటూ వేళాకోళం చేశాడు. నా పని రేడియో దగ్గర. ముల్లు విజయవాడ మీద ఉంచి, కిటికీలోంచి వచ్చిందనో పోయిందనో అరవాలి. నేను చాలాసార్లు రానిదాన్ని కూడా వచ్చిందని అరిచాను, అన్నయ్య ముఖం చూడలేక.

సాయంత్రం దీపం పెట్టే వేళకి నిజంగానే వచ్చింది. ముందు ఏదో ఎరువుల గురించి, తర్వాత వరినాట్ల గురించి, ఒక మగగొంతు, స్పష్టంగా, మా గదిలో కుర్చీ వేసుకుని మాట్లాడుతున్నట్టు. నాయనమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఇన్ని అడుగులు, నిలకడగా ఉంది, అన్నాడాయన. ఎన్ని అడుగులన్నాడో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆవిడ అరచెయ్యి గాల్లో ఒక ఎత్తున ఆగడం గుర్తుంది. "అయితే మన రేవులో ఐదో మెట్టు మునిగుంటుంది" అని కళ్ళు తెరిచి, "కోడలా, కాస్త మజ్జిగియ్యి" అంది. నాన్న లేచి లోపలికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

ఎదురింటి నుంచి కేక వినపడింది. "ఎంతంట మామ్మగారూ?"

"నిలకడగా ఉందటమ్మా!"

"పోన్లెండి, మంచి మాట!"

అప్పటి నుంచి అది మా వీధికి అలవాటైపోయింది. మిరపకాయల కొట్లో కళాసీలు సాయంత్రం బస్తా దింపి, పైకి చూసి "ఇయ్యాల ఎంత?" అని అడిగేవారు. రిక్షా అప్పారావు గోదావరిని జన్మలో చూడలేదు, కాని ఒక అడుగు పెరిగిందంటే తల అడ్డంగా తిప్పేవాడు. సముద్రం పక్కన ఇరుకు వీధిలో, నూట పాతిక మైళ్ళ అవతలి నది ఎంత ఉందో ప్రతివాడికీ తెలుసు. నాయనమ్మకి చెప్పుకోవడానికి మనుషులు దొరికారు. పెట్టెలో మడతపెట్టిన తన చీరల్లో సగం పైకి తీసి దండెం మీద వేసింది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ మగగొంతు రోజురోజుకీ వెనక్కి జరగడం మొదలుపెట్టింది. కుర్చీ గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి పోయినట్టుండేది. అన్నయ్య వాల్వులు తీసి తుడిచి పెట్టాడు. అతుకులన్నీ విప్పి మళ్ళీ సీసం పోశాడు. ఎర్త్ కడ్డీ తవ్వి చూశాడు. రెండు రాత్రులు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఆ గురువారం గొంతు పూర్తిగా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి రైల్లో వచ్చినవాళ్ళు పైన భద్రాచలం దగ్గర గోదావరి లేస్తోందని చెప్పారు.

నాయనమ్మ దండెం మీది చీరలు తీసి మడతపెట్టి మళ్ళీ పెట్టెలో సర్దింది. నాన్న ఆదివారం రైలుకి తీసుకెళ్తానన్నాడు, సెలవు కూడా పెట్టాడు. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. చీకట్లో నాతో, "ఆవిడ అక్కడ నీళ్ళలో నడిస్తే, నా తీగ పనిచెయ్యకే కదే నడిచినట్టు" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ మనిషి అంత మాట అనుకోవడం ఇప్పుడు తల్చుకుంటే ఎక్కువే అనిపిస్తుంది. అప్పుడు నాకూ అలాగే అనిపించింది.

శుక్రవారం పొద్దున్న వాన కాస్త తెరిపిచ్చింది. నాయనమ్మ తడిచీర ఆరేసుకోవడానికి డాబా ఎక్కింది. మోకాళ్ళ నొప్పులని ఆవిడ ఎప్పుడూ ఎక్కేది కాదు. రెండు నిమిషాలకి కేక పెట్టింది. "సత్యం! ఇటురా! ఆ వేలాడేవేవిట్రా?"

మేమంతా పరిగెత్తాం. ఎదురు డాబా మీద, తాడు పొడుగునా, దాని చివర గుడ్డు మీద, గుడ్డు దాటి మా తీగ మీద కూడా ఓ బారెడు మేర, వెండిపట్టీల్లా పొడుగాటి చేపలు వరసగా వేలాడుతున్నాయి. సావళ్ళు. ఉప్పునీళ్ళు ఇంకా కారుతున్నాయి.

"చేపలు, నాయనమ్మా" అన్నాడు అన్నయ్య, నేల చూస్తూ. అతనికి ముందే తెలుసు, ఆవిడకి చెప్పలేదంతే.

జవాబు ఎదురింటి నుంచే వచ్చింది. "తాడు నాదన్నాను కదా మామ్మగారూ! ముసురుకి కింద ఆరతల్లేదని మీద ఏసేను. గాలికి బలే ఆరతన్నాయి. తాడు సాల్లేదు, కూసింత తీగ మీద కూడా ఏసేను. ఏటి, తప్పా?"

నాయనమ్మ అన్నయ్య వైపు తిరిగింది. "ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు దాటుంటుంది."

"అంటే ఇన్నాళ్ళూ మా గోదారి ఈ చేపల మీంచి వచ్చిందా?"

నేను నవ్వాను. నెత్తి మీద మొట్టికాయ పడింది. మా ఇంట్లో నీచు వండరు, నాయనమ్మ మడి మనిషి. ఆ అంటు మాటలు ఇవాళ రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, లేవన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది. ఇక ఆదివారం దాకా కూడా ఆగదు, ఈ సాయంత్రమే రైలెక్కుతుంది అనుకున్నాం. ఆవిడ పిట్టగోడ పట్టుకుని నిలబడి కాసేపు తీగనీ, కాసేపు మబ్బునీ చూసింది. అటు మడి, ఇటు గోదారి. తర్వాత తీర్పు చెప్పింది.

"రాగికి అంటేవిటి? పులుపు తగిల్తే పోతుంది. అప్పలనర్సమ్మా, చింతపండుందా?"

"సేపల పులుసు వండుకునేదాన్ని, నా ఇంట్లో సింతపండు లేకపోడమేటి?"

"అయితే అవన్నీ దింపి, ఆ గుడ్డునీ తీగనీ చింతపండేసి తోము. నేను చెప్తాను."

వీధికి ఇటు పక్క నుంచి ఒకావిడ చెప్పడం, అటు పక్క నుంచి ఒకావిడ తోమడం. కింద కళాసీలు పని ఆపి చూశారు.

"గాడిలోకి వేలు పెట్టి తోమమ్మా. పైపైన కాదు."

"తోమతన్నాను కదా! నా యేలు అరిగిపోతన్నాది."

"కన్నాల్లో?"

"కన్నాల్లో కూడా. ఓలమ్మా! ఇదేటి మామ్మగారూ, ఇంత ఎర్రనీరు దిగతన్నాది?"

మా వైపు గుడ్డు అన్నయ్య విప్పి ఇస్తే, నాయనమ్మే శుక్రవారం తోమే ఇత్తడి కుందులతో పాటు ముందేసుకుని తోమింది. దాంట్లోంచి కూడా ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ఇనుపరాయి ధూళి, సముద్రపు ఉప్పు, ముసురు తడి కలిసి గుడ్ల చుట్టూ పెచ్చు కట్టాయి. ఆ చివర పెచ్చు మీద ఉప్పుచేపలు. ఆపాల్సిన గుడ్లే శబ్దాన్ని గెడల్లోకి జార్చేస్తున్నాయి. అన్నయ్య లోపల అన్నీ విప్పి చూశాడు, బయట తుడవలేదు. ఆ మాట తట్టడానికి అతనికి ఇంకో వారం పట్టింది. ఆ రోజు మాత్రం ఆవిడ మడికోసం తోమిందనే అందరం అనుకున్నాం.

సాయంత్రం ముల్లు తిప్పగానే మగగొంతు మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చుంది. నది పెరుగుతోందన్నాడు. నాయనమ్మ చెయ్యి మునుపటికన్నా చాలా ఎత్తున ఆగింది. "చెల్లెలింట్లో గడప దాకా వచ్చుంటుంది. ఈపాటికి అటకెక్కించుంటారు" అంది. భయం లేదు ఆ గొంతులో, లెక్క ఉంది. శనివారం ఇంకా పెరిగింది. ఆదివారం తగ్గుముఖం పట్టింది. రైలు సంగతి నాన్న ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. రోజుకో చీర పెట్టెలోంచి పైకి వచ్చింది. పెట్టె ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని కడిగి అందులో పప్పులు పోసింది. నాయనమ్మ ఆ మేడ మీద ఇంకో పదకొండేళ్ళు బతికింది.

అన్నయ్య అప్పలనర్సమ్మకి చేపల కోసం వేరే తాడు కట్టిచ్చాడు. వారం తర్వాత గొంతు మళ్ళీ కొంచెం తగ్గడం, శుక్రవారం తోమగానే పెరగడం గమనించి, నాయనమ్మ ముందుకెళ్ళి నిజాయితీగా ఒప్పుకున్నాడు. "నాయనమ్మా, నా సీసం వల్ల కాదు. నువ్వు తోమినందుకే వచ్చింది."

"మరేవిటి? మడంటే ఏవనుకున్నావు?" అందావిడ.

ఉక్కు ఫ్యాక్టరీలో మీటర్లు, గేజీలు చూసే విభాగంలో పని చేసినన్నాళ్ళూ, కొత్తగా చేరినవాళ్ళకి అన్నయ్య చెప్పే మొదటి పాఠం ఒకటేనట: "ముందు తుడు, తర్వాత విప్పు." ఆ పాఠం ఎక్కడిదో వాళ్ళకి చెప్పాడో లేదో నాకు తెలియదు. వదినకి మాత్రం చెప్పలేదు. అతను ఉన్న విషయం తక్కువగా చెప్పే మనిషి. మేమిద్దరం మాత్రం పెద్దయ్యాక కూడా, వానాకాలంలో ఫోన్ చేసుకుంటే "బాగున్నావా" అనేవాళ్ళం కాదు. "ధవళేశ్వరం దగ్గర ఎంత?" అని అడిగేవాళ్ళం. నిలకడగా ఉందంటే ఇల్లు బాగుందని. లేస్తోందంటే ఏదో ఉందని, రమ్మని.

వదిన విన్నంతసేపూ పింగాణీ గుడ్డుని అరచేతిలో తిప్పుతూ కూర్చుంది. "అయితే తెలివిగానే అడిగేరు" అంది చివరికి. "నాను నర్సుని పిలిసేను."

"నిన్ను అడిగాడు వదినా. నేను గుమ్మం అవతల బల్ల మీదే ఉన్నాను. నన్ను పిలవచ్చు, పిలవలేదు. ఆ మాట నన్ను తప్ప ఇంకెవర్నీ ఎప్పుడూ అడగలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి, "పద, ఈ తీగ కడదాం" అంది.

ఇద్దరికీ కలిపి నూట ముప్పై ఏళ్ళు పైనే. డాబా మీద నీళ్ళ ట్యాంకు పైపు నుంచి పక్కింటి వాళ్ళ సోలార్ పలక కడ్డీ దాకా లాగాలని అనుకున్నాం. పక్కింట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి ఉంటుంది. ఎందుకని అడిగింది, చెప్పాం, ఆ అమ్మాయికి అర్థం కాలేదు, అయినా కట్టుకోమంది. తాడు తనదని మాత్రం అనలేదు. కట్టే ముందు వదిన వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు చింతపండు తెచ్చింది. ఒక్క క్షణం వద్దందామనుకున్నాను. ఆ గాడిలో ఉన్నది మా వన్ టౌన్ ఇంటి ధూళి. ఆ మేడ ఇప్పుడు లేదు, ఆ మనుషుల్లో నేను తప్ప ఎవరూ లేరు. కాని తుడవకపోతే వినపడదు, అది మా ఇంటి రూలు. ఆవిడ వేలు పెట్టి తోమింది. అరచేతిలోంచి ఎర్రటి నీళ్ళు కారి డాబా మీద పడి, కాసేపటికి మామూలు తడిలో కలిసిపోయాయి.

పాత వాల్వుల రేడియో ఎప్పుడో పోయింది. అన్నయ్య చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. తీగ కొనని దాని చుట్టూ నాలుగు చుట్లు చుట్టాం. తిప్పితే గుర్రుమనే మోత తప్ప ఏమీ లేదు. ఇన్వర్టర్, ఫ్రిజ్, చార్జర్లు, వీధంతా ఎల్‌ఈడీ బల్బులు. వదిన వెళ్ళి మెయిన్ ఆఫ్ చేసి వచ్చింది. మోత సగం తగ్గింది. దాని వెనక ఎక్కడో ఒక తెలుగు గొంతు, ఆడమనిషిది, పంటల గురించే ఏదో చెప్తోంది. ఏ ఊరిదో తెలియలేదు. ధవళేశ్వరం మాట వస్తుందేమోనని ఇద్దరం అరగంట కూర్చున్నాం. రాలేదు.

ఇప్పుడు ఆ అంకె ఫోన్లో ఉంటుంది. నేను రోజూ చూస్తాను. గంట గంటకీ మారుతుంది, బొమ్మ కూడా గీసి చూపిస్తారు. అప్పటికన్నా ఎంతో మెరుగు, లంకలో వాళ్ళకి ప్రాణాలు నిలిపే సంగతి, ఇందులో నాకు ఫిర్యాదేమీ లేదు. ఎదురింటి నుంచి "ఎంతంట?" అని అడిగేవాళ్ళు లేరు, అదొక్కటే తేడా.

"నీ ఫోనులో సూడు" అంది వదిన. చూసి చెప్పాను.

ఆవిడ లేచి చీర సర్దుకుని తీగ కింద నిలబడింది. హాల్లో దండ వేసిన ఫోటో ఉంది, కాని ఆవిడ అటు వెళ్ళలేదు. తల ఎత్తి తీగ వైపే చూస్తూ, ఏడాది ఆలస్యంగా, ఇంట్లో మనిషికి చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

"నిలకడగా ఉందంటండీ."

పక్క డాబా మీంచి ఆ అమ్మాయి, "ఏంటి ఆంటీ?" అంది. "గోదారి" అన్నాను. "ఓ, గుడ్" అంది ఆ పిల్ల.

వదిన కిందికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. అక్కడే పిట్టగోడ మీద కూర్చుని తాగాం.